ట్రావెల్ ట్రైలర్ ఎత్తు పెంచాలా? ముందు హిచ్ చూడండి, ఆ తర్వాతే కమాను

ఒడిశాలోని కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లో సొంత ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు) ఉన్న తెలుగువాళ్లు కొద్దిమందే. ఆ కొద్దిమందీ కలిస్తే ముందుగా వచ్చే మాట ట్రైలర్ ఎత్తు గురించే. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతున్నప్పుడో, జాతీయ రహదారి వదిలి పల్లె దారిలోకి దిగుతున్నప్పుడో తోక నేలకు రాసుకుంటుంది. కింద వేలాడే మురుగునీటి గొట్టం విరుగుతుంది. ఇక అక్కడి నుంచి అందరి ఆలోచనా ఒక్కటే: కమానును (బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగును) ఇరుసు మీదికి మార్పించి ట్రైలర్‌ను ఐదు అంగుళాలు లేపేయాలని.

ఆ పని నిజంగా అవసరమైనవాళ్లు ఉన్నారు. కానీ మన రోడ్ల మీద తిరిగే చాలామందికి అంత ఎత్తు అక్కర్లేదని నేను గట్టిగా నమ్ముతాను. పెంచిన ప్రతి అంగుళానికీ ఘాట్ మలుపులో మూల్యం చెల్లించాలి. అందుకని ఏ పద్ధతి మేలు అన్న ప్రశ్న కన్నా ముందు, అసలు ఏది నేలకు తగులుతోంది, ఎందుకు తగులుతోంది అన్న ప్రశ్న వేసుకోవాలి. దానికి కావలసినవి ఒక కొలత టేపు, ఒక రసమట్టం, చదునైన స్థలం. సిమెంటు వేసిన కల్లమైనా చాలు.

ట్రైలర్‌ను ప్రయాణంలో ఉన్నట్టే నింపండి. నీళ్ల ట్యాంకు, గ్యాసు సిలిండరు, సామాన్లు అన్నీ ఉండాలి. బండికి తగిలించి, ఛాసిస్ (అడుగు ఇనుప చట్రం) పొడవునా రసమట్టం పెట్టండి. ముందు భాగం లేచి ఉందా, వంగి ఉందా, సమంగా ఉందా? ఈ ఒక్క సమాధానం తెలియకుండా వర్క్‌షాపుకు వెళ్లవద్దు.

హిచ్ ఎత్తు తప్పితే తోక వాలుతుంది

ఒకే ఇరుసున్న ట్రైలర్ ఏతం లాంటిది. ఇరుసు దగ్గర ఆనిక ఉంటుంది, ఒక కొస లేస్తే రెండో కొస దిగుతుంది. బండి వెనక ట్రైలర్‌ను తగిలించే 50 మిల్లీమీటర్ల ఇనుప గుండును హిచ్ బాల్ అంటారు. అది ఉండవలసిన దానికన్నా ఎత్తులో ఉంటే ట్రైలర్ ముక్కు లేచి, తోక నేల వైపు వాలుతుంది. అంతర్జాతీయ ప్రమాణంలో, బరువు వేసి ఉన్న బండికి ఈ గుండు మధ్యబిందువు నేల నుంచి 350 నుంచి 420 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. మామూలు కార్లకు ఇది సరిపోతుంది. మన వైపు ట్రైలర్లను లాగేవి ఎక్కువగా బొలెరో, స్కార్పియో, థార్ లాంటి ఎత్తైన బండ్లు. స్థానికంగా వెల్డింగ్ చేయించిన హుక్కులు ఆ బండ్ల ఛాసిస్ ఎత్తుకే వచ్చేస్తాయి గనుక, ప్రమాణంలోని ఎత్తును తేలిగ్గా దాటిపోతాయి.

దీని ప్రభావం ఎంతో లెక్క వేసి చూద్దాం. ఒక చిన్న ట్రైలర్‌కు హిచ్ నుంచి ఇరుసు వరకు 3.4 మీటర్లు, ఇరుసు నుంచి తోక వరకు 1.8 మీటర్లు అనుకోండి. హిచ్ బాల్ 10 సెంటీమీటర్లు ఎక్కువ ఎత్తులో ఉంటే తోక సుమారు 5.3 సెంటీమీటర్లు దిగుతుంది. అంటే బాల్‌ను 10 సెంటీమీటర్లు దించే ఎల్ ఆకారపు బ్రాకెట్టు వేసుకుంటే, తోక దగ్గర మీకు రెండు అంగుళాల ఎత్తు దొరికినట్టే. ఛాసిస్‌ను ముట్టుకోలేదు, ఇరుసును కోయలేదు, ట్రైలర్ గురుత్వ కేంద్రం పైకి పోలేదు. ఛాసిస్‌కూ కమానుకూ మధ్య రెండు అంగుళాల ఇనుప గొట్టం, అంటే సబ్‌ఫ్రేము, వేయించినా తోక దగ్గర వచ్చే లాభం అంతే.

ముక్కు లేచిన ట్రైలర్‌తో ఇంకో ప్రమాదం ఉంది. హిచ్ మీద పడాల్సిన బరువు కొంత వెనక్కి జారుతుంది. అమెరికాలో పాటించే పద్ధతి ప్రకారం ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద ఉండాలి. అది తగ్గేకొద్దీ ట్రైలర్ పక్కలకు ఊగడం మొదలుపెడుతుంది. దిగుడు రోడ్డులో ఆ ఊపు అందుకుంటే ఆపడం చాలా కష్టం. కాబట్టి ట్రైలర్ సమంగా ఉండాలి, లేదా ముక్కు అతి కొద్దిగా వంగి ఉండాలి. లేచి మాత్రం ఉండకూడదు.

బాల్ దించితే ఒక ఇబ్బంది రావచ్చు. ట్రైలర్ ముందు జాకీ చక్రం, భద్రతా గొలుసులు నేలకు దగ్గరవుతాయి. జాకీ చక్రాన్ని పూర్తిగా పైకి తిప్పి బిగించడం, గొలుసులను ఒకదాన్నొకటి దాటేలా తగిలించి పొడవు సరిచేయడం గుర్తుంచుకుంటే ఆ ఇబ్బంది తీరుతుంది.

హిచ్ సరిచేశాక రెండో పరీక్ష కమానులది. కొన్నేళ్లు బరువు మోసిన కమాను కట్ట వంపు పోగొట్టుకుని చదునైపోతుంది. కొన్నిసార్లు వెనక్కి వంగుతుంది కూడా. రెండు వైపులా ఇరుసు నుంచి ఛాసిస్ వరకు ఎత్తు కొలవండి. ఒక పక్క తక్కువగా ఉంటే ఆ వైపు పట్టీ విరిగి ఉండవచ్చు, లేదా ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు వంటి బరువంతా ఒకవైపే ఉండవచ్చు. కమాను సాగిపోయిందని తేలితే అదే కొలతల కొత్త కమాను వేయించడమే సరైన వైద్యం. దాన్ని ఎత్తు పెంచడం అనకూడదు, పోయిన ఎత్తును తిరిగి తెచ్చుకోవడం అనాలి. ట్రైలర్ తయారైనప్పటి నడత అలాగే ఉంటుంది.

అప్పటికీ తగులుతుంటే తగిలే వస్తువును చూడండి. మురుగునీటి గొట్టం, దాని వాల్వు, మెట్టు, అదనపు టైరు వేలాడదీసిన చట్రం, వీటిలో ఏదో ఒకటే తగులుతుంటే మొత్తం ట్రైలర్‌ను లేపడం దేనికి? గొట్టాన్ని ఛాసిస్ కమ్మీల మధ్యకు మళ్లించవచ్చు. తోక కింద ప్రధాన కమ్మీలకు రెండు చిన్న ఇనుప చక్రాలు బిగించవచ్చు. పెట్రోలు బంకుల్లోకి ఎక్కేటప్పుడు, కల్వర్టు అంచులు దాటేటప్పుడు ఆ చక్రాలు నేలను తాకి దొర్లుతాయి, ఛాసిస్‌కు దెబ్బ తగలదు. వాటిని తోక చివరి అడ్డ కమ్మీకి కాకుండా పొడవు కమ్మీలకే బిగించాలి. లేకపోతే దెబ్బ అడ్డ కమ్మీని వంచేస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా ఎత్తు చాలకపోతే అప్పుడు పద్ధతుల పోలిక మొదలవుతుంది.

కమానును ఇరుసు కింద నుంచి పైకి మార్చడం

ముందు మీ ట్రైలర్ కిందికి వంగి చూడండి. కమాను కట్ట ఇరుసు గొట్టానికి కింద ఉందా, పైన కూర్చుని ఉందా? పైన ఉంటే ఈ పద్ధతి మీకు లేదు. కింద ఉంటే దాన్ని ఇరుసు మీదికి తేవచ్చు. అలా మార్చినప్పుడు ట్రైలర్ ఎంత లేస్తుందన్నది ఇరుసు గొట్టం మందం, కమాను కట్ట మందం, ఇరుసు మీద కమాను ఆనే ఇనుప సీట్ల ఎత్తు మీద ఆధారపడుతుంది. సాధారణంగా 4 నుంచి 6 అంగుళాల మధ్య ఉంటుంది. మూడు అంగుళాలు చాలు అనుకున్నా ఈ పద్ధతిలో మూడు రావు. వచ్చినంత ఎత్తుతో సర్దుకోవాల్సిందే.

అమెరికాలో ఇరుసులు తయారుచేసే డెక్స్‌టర్ వంటి కంపెనీలు దీనికి కావలసిన సీట్లు, కమానును ఇరుసుకు బిగించే యు-బోల్టులు ఒక కిట్టుగా అమ్ముతాయి. మన దగ్గర అవి చేయించుకోవాలి. అందుకు సాలూరు ఉంది. లారీ పరిశ్రమకు పేరుపడ్డ ఆ ఊళ్లో కమాను పని తరాలుగా తెలిసిన చేతులున్నాయి. జయపురంలోనూ మంచి పనివాళ్లు ఉన్నారు. అయితే లారీ ఇరుసుకూ ట్రైలర్ ఇరుసుకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. పని అప్పజెప్పేముందు ఆ తేడా మీకు తెలిసి ఉండాలి.

ట్రైలర్ ఇరుసు గొట్టం చూడటానికి తిన్నగా కనిపిస్తుంది కానీ చాలా ఇరుసులకు మధ్యలో పైకి కొద్దిపాటి వంపు ఉంటుంది. బరువు పడినప్పుడు ఆ వంపు చదునై చక్రాలు నిటారుగా నిలుస్తాయి. సులువుగా ఉందని ఇరుసునే తలకిందులుగా తిప్పేస్తే పాత సీట్లు పైకి వస్తాయి, కొత్తవి వెల్డింగ్ చేసే పని తప్పుతుంది. కానీ వంపు కిందికి తిరుగుతుంది. బరువు పడగానే ఇంకా కిందికి వంగుతుంది. చక్రాల పైభాగాలు లోపలికి వాలి టైర్ల లోపలి అంచులు త్వరగా అరిగిపోతాయి. బ్రేకు ప్లేట్లు కూడా తలకిందులవుతాయి. కనుక ఇరుసును తిప్పకూడదు. ఉన్నది ఉన్నట్టే ఉంచి, పై భాగంలో కొత్త సీట్లు వెల్డింగ్ చేయించాలి. పని మొదలయ్యే ముందే ఇరుసు మీద సుద్దముక్కతో పైకి చూపే బాణం గుర్తు గీయించండి. ఆ గుర్తు చివరి దాకా పైకే చూస్తూ ఉండాలి.

కొత్త సీటు అడుగు భాగం గొట్టం గుండ్రదనానికి సరిగ్గా అతకాలి. రెండు సీట్లూ ఒకే తలంలో ఉండాలి. వెల్డింగ్ ఒకే విడతలో చుట్టూ పోయకుండా, కొంచెం కొంచెంగా వైపులు మారుస్తూ పోయాలి. వేడికి గొట్టం వంగిందంటే చక్రాల అమరిక పోతుంది. వెల్డింగ్ మిషను ఎర్తు క్లాంపును అతికే చోటు పక్కనే ఇరుసుకు పెట్టాలి. దూరంగా ఛాసిస్‌కో, చక్రానికో పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని పాడుచేసే ప్రమాదం ఉంది. ట్రైలర్ బ్యాటరీ తీగలు విప్పేయాలి. కమాను పట్టీల మీద మాత్రం ఏ కారణం చేతనూ వెల్డింగ్ నిప్పురవ్వ పడకూడదు. స్ప్రింగు ఉక్కు వేడి తగిలిన చోట పెళుసై తర్వాత అక్కడే విరుగుతుంది.

మరో చిన్న విషయం చాలామంది కంట పడదు. కమాను కట్టను కలిపి ఉంచే సెంటర్ బోల్టు తల ఇరుసు సీటులోని గుంటలో కూర్చోవాలి. కమాను కింద ఉన్నప్పుడు ఆ తల పైకి ఉంటుంది. కమాను పైకి వచ్చాక తల కిందికి ఉండాలి. కాబట్టి బోల్టును తిప్పి బిగించాలి. ఇది వదిలేస్తే ఇరుసును ఆ చోట పట్టి ఉంచేది యు-బోల్టుల బిగువు మాత్రమే. గట్టి బ్రేకు వేసినప్పుడు ఇరుసు జరగవచ్చు. యు-బోల్టులు ఎప్పుడూ కొత్తవే వేయాలి. ఒకసారి బిగించి సాగిన బోల్టు రెండోసారి అదే పట్టు ఇవ్వదు.

పని పూర్తయ్యాక కప్లర్ (హిచ్ బాల్‌ను పట్టుకునే ట్రైలర్ ముందు కొస) మధ్యబిందువు నుంచి ఇరుసు రెండు కొసలకూ టేపు పట్టి కొలవండి. రెండు కొలతలూ సమానంగా రావాలి. తేడా ఉంటే ట్రైలర్ రోడ్డు మీద ఓరగా నడుస్తుంది.

ఈ పద్ధతి బలం ఏమిటంటే కమాను అదే, దాని మెత్తదనం అదే, కదలిక అదే. లోపల అల్మారాలు, సామాన్లు మునుపటిలాగే ఉంటాయి. ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఖాళీ పెరుగుతుంది గనుక గుంతల్లో ఇరుసు ఛాసిస్‌కు కొట్టుకోవడం కూడా తగ్గుతుంది. ఒక్కసారిగా ఐదు అంగుళాలు లేవడమే దాని బలహీనత.

సబ్‌ఫ్రేము

ఛాసిస్ కమ్మీకీ, కమాను కొసలను పట్టి ఉంచే హ్యాంగర్ బ్రాకెట్లకూ మధ్య పెట్టె ఆకారపు ఇనుప గొట్టం ఒకటి చేర్చి మొత్తం సస్పెన్షన్‌ను కిందికి దించడం ఈ పద్ధతి. గొట్టం ఎత్తు ఎంతో ట్రైలర్ అంత లేస్తుంది. రెండు అంగుళాలు కావాలంటే రెండు, మూడు కావాలంటే మూడు. కావలసినంతే పెంచుకునే వీలుండటం దీని గొప్పతనం. ఇరుసును ముట్టుకోము కనుక వంపు, అమరిక చెడే భయం తక్కువ. నట్టు బోల్టులతో బిగిస్తే రేపు వద్దనుకున్నప్పుడు విప్పి మళ్లీ పాత ఎత్తుకు రావచ్చు.

కోరాపుట్ నుంచి రాయగడ మీదుగా గుణుపురం, పర్లాకిమిడి వైపు కుటుంబంతో తిరిగేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఇదే. హిచ్ సరిచేసి, రెండు అంగుళాల సబ్‌ఫ్రేము వేయించండి. తోక దగ్గర రెండూ కలిపి నాలుగు అంగుళాల లాభం వస్తుంది. గురుత్వ కేంద్రం మాత్రం రెండు అంగుళాలే పెరుగుతుంది. సబ్‌ఫ్రేము వేశాక ట్రైలర్ లేస్తుంది గనుక హిచ్ బ్రాకెట్టు ఎత్తును దానికి తగ్గట్టు మళ్లీ లెక్కించుకోవాలి. అందుకే రంధ్రాల వరుసతో ఎత్తు మార్చుకోగలిగే బ్రాకెట్టు చేయించుకోవడం మేలు.

జాగ్రత్త పడవలసిన చోటు ఒకటుంది. ఎడమ, కుడి సబ్‌ఫ్రేములను అడ్డ కమ్మీలతో కలపాలి. మలుపు తిరిగేటప్పుడు చక్రాల మీద పక్క నుంచి వచ్చే ఒత్తిడి హ్యాంగర్లను పక్కకు వంచాలని చూస్తుంది. మధ్యలో గొట్టం చేరడంతో ఆ ఒత్తిడికి మీట పొడవు పెరుగుతుంది. అడ్డ కమ్మీ లేని సబ్‌ఫ్రేము సుంకి లాంటి ఘాట్‌లో వరుస మలుపులకు కొంత కాలానికి పగుళ్లు తీస్తుంది. ఇదే కారణానికి ఊరికే పొడవాటి హ్యాంగర్లు వేసి ఎత్తు పెంచడాన్ని నేను సమర్థించను.

మిగతావి

కమాను కట్టకు ఇంకో పట్టీ చేర్చడం లారీ మేస్త్రీలు ముందుగా ఇచ్చే సలహా. బరువు మోసే లారీకి అది తగిన సలహానే. మనుషులు నివసించే తేలికపాటి ట్రైలర్‌కు కాదు. పట్టీ చేరితే ఎత్తు కొద్దిగానే పెరుగుతుంది, గట్టిదనం మాత్రం చాలా పెరుగుతుంది. ప్రతి గుంతా లోపలి అల్మారా కీలుకు, గ్యాసు గొట్టం జాయింటుకు, కిటికీ రబ్బరుకు తెలుస్తుంది. పాత కమానును కొట్టించి వంపు పెంచడం కూడా శాశ్వతం కాదు, మళ్లీ సాగిపోతుంది.

పొడవాటి షాకిళ్లు (కమాను కొసను ఛాసిస్‌కు తగిలించే ఊగే లింకులు) వేయమని కొందరు చెబుతారు. ఒకే ఇరుసున్న ట్రైలర్‌లో కమానుకు ఒక కొస స్థిరంగా, రెండో కొస షాకిల్‌కు ఉంటుంది. షాకిల్ రెండు అంగుళాలు పొడవు చేస్తే ఇరుసు దగ్గర వచ్చేది ఒక్క అంగుళమే. పక్క ఒత్తిడికి మాత్రం షాకిల్ ఊగడం పెరుగుతుంది. ఆ మారకం నష్టమే.

టైర్లు పెద్దవి వేస్తే వచ్చే ఎత్తు వ్యాసం తేడాలో సగమే. 155/80 ఆర్13 టైరు వ్యాసం సుమారు 578 మిల్లీమీటర్లు, 165/80 ఆర్14 వ్యాసం సుమారు 620. తేడా 42, లాభం 21 మిల్లీమీటర్లు. అంగుళం కూడా రాలేదు. చక్రం గూడులో, మడ్‌గార్డు దగ్గర ఖాళీ తగ్గింది. బ్రేకు డ్రమ్ము అదే ఉండి చక్రం పెద్దదయింది గనుక బ్రేకు పట్టు కొంత తగ్గింది. అయినా పెద్ద టైరుకు ఒక నిజమైన లాభం ఉంది: కేవలం అదే ఇరుసు గొట్టాన్ని నేల నుంచి లేపుతుంది. కమాను మార్చినా, సబ్‌ఫ్రేము వేసినా ఇరుసు ఉన్న చోటే ఉంటుంది. రాళ్లు తేలిన బండ్ల బాటల్లో ఇరుసుకు దెబ్బలు తగులుతుంటే ఈ మార్గం ఆలోచించవచ్చు. టైరు బరువు మోసే సూచిక పాతదానికన్నా తక్కువ కాకుండా చూసుకోండి.

మీ ట్రైలర్‌కు కమానులు లేకుండా చతురస్రపు గొట్టంలో రబ్బరు కడ్డీలు ఇరికించిన ఇరుసు ఉంటే, పైన చెప్పిన కమాను మార్పిడి వర్తించదు. దానికి ఇరుసు బ్రాకెట్టుకూ ఛాసిస్‌కూ మధ్య దిమ్మెలు పెట్టి లేపాలి. ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీ తన బేస్‌క్యాంప్ ట్రైలర్‌లో కఠినమైన దారుల కోసం చేసిన రకానికి 3 అంగుళాల ఎత్తు ఇచ్చింది. ఆ కొలత గుర్తుపెట్టుకోదగ్గది, తయారీదారే మూడు దగ్గర ఆగాడు. జంట రబ్బరు ఇరుసులున్న ట్రైలర్ అయితే హిచ్ సమంగా ఉండటం మరీ ముఖ్యం. కమాను ట్రైలర్‌లో రెండు ఇరుసుల మధ్య బరువు పంచే ఊగుడు మీట ఉంటుంది. రబ్బరు ఇరుసుల్లో అది లేదు. ముక్కు వంగితే ముందు ఇరుసు మీద, లేస్తే వెనక ఇరుసు మీద బరువు పడిపోతుంది.

గాలి సంచుల సస్పెన్షన్ గురించి ఎక్కువ చెప్పను. రహదారిలో దించుకుని, మట్టి దారిలో లేపుకునే సౌకర్యం దానికొక్కదానికే ఉంది. కానీ కంప్రెసరు, ట్యాంకు, వాల్వులు, గొట్టాలు అన్నీ పనిచేస్తూ ఉండాలి. పొట్టంగి దాటాక ఒక గాలి సంచి చిరిగితే విడిభాగం కోసం ఎంత దూరం పోవాలో ఆలోచించి నిర్ణయించుకోండి.

ఎత్తు పెరిగితే పోయేదేమిటి

మలుపులో వాహనం పల్టీ కొట్టే హద్దును స్థూలంగా అంచనా వేయడానికి ఒక సులువైన లెక్క ఉంది. రెండు చక్రాల మధ్య వెడల్పును, గురుత్వ కేంద్రం ఎత్తుకు రెట్టింపుతో భాగించాలి. చక్రాల మధ్య 1.5 మీటర్లు, గురుత్వ కేంద్రం 0.9 మీటర్ల ఎత్తులో ఉన్న ట్రైలర్‌కు అది 0.83. రెండు అంగుళాలు లేపితే 0.79. ఐదు అంగుళాలు లేపితే 0.73. అంటే కమాను మార్పిడితో ఆ హద్దు ఎనిమిదో వంతు దాకా తరిగిపోతుంది. మలుపు వాలు, గాలి, కమాను ఊగుడు ఇందులో లేవు, అవి చేరితే ఇంకా తగ్గుతుంది. లోపల బరువైనవన్నీ కింది అరల్లోనే పెట్టమని చెప్పేది ఇందుకే.

లాభం వైపు లెక్క కూడా చూడాలి. తోక కింద 32 సెంటీమీటర్ల ఖాళీ ఉన్న మన ఉదాహరణ ట్రైలర్‌కు వెనక కోణం, అంటే తోక నేలకు తగలకుండా ఎక్కగలిగే వాలు, సుమారు 10 డిగ్రీలు. రెండు అంగుళాలు లేపితే 11.6 డిగ్రీలు, ఐదు అంగుళాలు లేపితే సుమారు 14 డిగ్రీలు. పెట్రోలు బంకు ఎక్కుడుకూ, కల్వర్టు అంచుకూ రెండు అంగుళాలతో వచ్చే డిగ్రీన్నర తేడా చాలాసార్లు సరిపోతుంది. వాగు దిగి ఎక్కే బాటకు సరిపోదు.

ఇంట్లో పెద్దవాళ్లుంటే మెట్టు మాట మరువకండి. ఐదు అంగుళాలు లేచిన గుమ్మం మోకాళ్ల నొప్పులున్న అమ్మకో, అత్తగారికో ఒక అదనపు మెట్టు అవుతుంది. చీకట్లో దిగేటప్పుడు ఆ తేడా ప్రమాదకరం. రెండు మెట్ల నిచ్చెన, పట్టుకోవడానికి కడ్డీ తప్పనిసరి. నిలిపినప్పుడు దించే మూల జాకీలు కూడా నేలను అందకపోవచ్చు. కింద వేయడానికి గట్టి చెక్క దిమ్మెలు ట్రైలర్‌లోనే ఉంచుకోవాలి.

ఎవరికి ఏది

బరంపురం, ఛత్రపురం, గోపాలపురం వైపు 16వ నంబరు జాతీయ రహదారి మీదే ఎక్కువగా తిరిగేవాళ్లు ట్రైలర్‌ను లేపవద్దు. అక్కడ మీకు ఎదురయ్యేది సముద్రపు గాలి, పక్క నుంచి దూసుకుపోయే లారీల గాలి. తక్కువ ఎత్తు మీకు రక్ష. హిచ్ సరిచేసి, తోక చక్రాలు వేసుకుంటే చాలు.

26వ నంబరు రహదారి మీద సాలూరు, కోరాపుట్, జయపురం మధ్య, లేదా 326 మీద రాయగడ వైపు తిరుగుతూ అప్పుడప్పుడు గుప్తేశ్వరానికో, డుడుమా జలపాతానికో పోయేవాళ్లకు హిచ్, రెండు అంగుళాల సబ్‌ఫ్రేము, గొట్టం మళ్లింపు కలిసి సరైన ఎంపిక. ఈ జిల్లాల్లో ఎక్కువమంది ఈ కోవలోకే వస్తారు.

1,672 మీటర్ల దేవ్‌మాలి చుట్టుపక్కల పల్లె బాటల్లోకి, మహేంద్రగిరి కింది మట్టి దారుల్లోకి ట్రైలర్‌ను తీసుకుపోయి దించేవాళ్లు కమాను మార్పిడి చేయించుకోవచ్చు. కానీ రెండు షరతులు. ట్రైలర్ పొట్టిదై, ఒకే ఇరుసుదై ఉండాలి. ఘాట్‌లో వేగం తగ్గించుకోవడానికి మీరు నిజంగా సిద్ధంగా ఉండాలి. పొడవాటి, పై అరల్లో సామాను నిండిన ట్రైలర్‌ను ఐదు అంగుళాలు లేపి ఆ కొండలెక్కించవద్దు. దాన్ని కింద పొట్టంగిలోనో, సెమిలిగుడలోనో సురక్షితమైన చోట నిలిపి బండిలో పైకి వెళ్లిరావడం ఎంతో మేలు.

కాగితాలు, పని తర్వాత తనిఖీ

ట్రైలర్‌కు దాని సొంత రిజిస్ట్రేషన్ ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని స్పష్టం చేసింది. కాబట్టి టైరు కొలత మార్చేముందు, ఇరుసు మీద వెల్డింగ్ చేయించేముందు మీ జిల్లా రవాణా కార్యాలయంలో అడిగి, రాతపూర్వకంగా సమాధానం తీసుకోండి. కోరాపుట్, రాయగడ, గజపతి నంబర్ల (ఓడి-10, ఓడి-18, ఓడి-20) ట్రైలర్లు తరచూ ఆంధ్ర సరిహద్దు దాటి పోయేవే. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ముందుగా చూసేది ఈ కాగితాన్నే. ఎత్తు మార్చుకోగలిగే హిచ్ బ్రాకెట్టు బండికి వేసేది కనుక, బండి విషయంలోనూ అదే కార్యాలయంలో ఒక మాట అడగండి.

వర్క్‌షాపు నుంచి తెచ్చాక మొదటి ప్రయాణం ఖాళీ ట్రైలర్‌తో, చదును రోడ్డు మీద చేయండి. బ్రేకు తీగలు, దీపాల తీగలు కొత్త ఎత్తుకు లాగినట్టు బిగుసుకున్నాయేమో పూర్తి మలుపు తిప్పి చూడండి. 80 కిలోమీటర్లు తిరిగాక యు-బోల్టులను ఎదురెదురు వరుసలో టార్కు పానాతో (బిగువు కొలిచే పానా) మళ్లీ బిగించాలి, చక్రాల నట్లు కూడా. కొత్త సీట్లు, కొత్త బోల్టులు మొదటి కొన్ని కిలోమీటర్లలోనే సర్దుకుంటాయి, బిగువు తప్పక తగ్గుతుంది. తర్వాత సామాను నింపి ఒకసారి ఘాట్ ఎక్కి దిగండి. దిగాక నాలుగు విషయాలు చూడండి: చక్రాల మధ్యనుండే హబ్బుల్లో ఒకటి మిగతావాటికన్నా వేడెక్కిందా, వెల్డింగ్ అంచుల్లో రంగు పగిలిందా, మడ్‌గార్డు లోపల టైరు రాసుకున్న గుర్తు ఉందా, రసమట్టం ఇంకా సమంగానే ఉందా. కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత టైర్ల లోపలి అంచును, బయటి అంచును చేత్తో తడిమి పోల్చండి. ఒక అంచు మాత్రమే అరుగుతుంటే ఇరుసు అమరిక తప్పింది. ఆ ట్రైలర్‌ను మళ్లీ ఘాట్ ఎక్కించకుండా, పని చేసిన మేస్త్రీ దగ్గరికే తీసుకుపోయి సరిచేయించండి.